గణిత శిరోమణి శ్రీ మహావీరాచార్యులు

మహావీరుడను నామము చెవిని పడినంతనే జైనుల మనస్సు వర్ధమాన తీర్థంకరుని పాదములవంకకు పోవును. అది సహజము. ఆ నామమునే ధరించి, ఆ తీర్థంకరునకే తొలి నమస్కారము గావించి, లెక్కల గ్రంథము వ్రాసిన మరియొక మహనీయులు దక్కను దేశమున వెలసిరి. వారే మహావీరాచార్యులు. వారు రాజ్యము లేలలేదు, యుద్ధములు గెలువలేదు. కూడుట, తీసివేయుట, పంచుట, పొలము కొలుచుట, గోయి తవ్వుట, నీడను బట్టి ప్రొద్దు తెలిసికొనుట—ఇవియే వారు నేర్పిన విద్యలు. ఇంతమాత్రముననే పదునొకండు వందల డెబ్బది ఏండ్లు గడచినను వారి పేరు చెడకున్నది. కొలత తప్పినచోట ధర్మము తప్పుననియు, కొలత తెలిసినచోట వివాదము తీరుననియు వారి గ్రంథము చదివినవారికి తోచును.

మాన్యఖేటపు దినములు

కర్ణాటకమునందలి కలబురగి జిల్లాలో, కాగిణా నది యొడ్డున, మళఖేడమను ఊరు కలదు. పాత కోట గోడలను, జైన బసదిని చూచి ముందునకు సాగిపోవు బాటసారికి అది యొక చిన్న ఊరుగనే తోచును. 9వ శతాబ్దమున ఈ యూరే మాన్యఖేటము, రాష్ట్రకూట చక్రవర్తుల రాజధాని. 814వ సంవత్సరమున అమోఘవర్ష నృపతుంగుడు చిన్న వయసుననే సింహాసన మెక్కి, సుమారు 64 ఏండ్లు రాజ్యము చేసెను. 851వ సంవత్సర ప్రాంతమున అరబ్బు వర్తకుడు సులైమాను లోకమునందలి నలుగురు గొప్ప రాజులలో రాష్ట్రకూట ప్రభువు నొకనిగా లెక్కించెను.

ఈ రాజునకు ఆయుధములకంటె అక్షరములపై మక్కువ యెక్కువ. కన్నడమునందు నేడు లభించుచున్న గ్రంథములలో మొట్టమొదటిదగు కవిరాజమార్గము ఆయన ఆస్థానముననే పుట్టినది. ఆదిపురాణ కర్తయగు జినసేనాచార్యులు ఆయనకు గురుతుల్యులు. జినసేనుల గురువులు వీరసేనాచార్యులు షట్ఖండాగమమునకు ధవళ వ్యాఖ్యానము రచించిన మహావిద్వాంసులు. వీరసేనులు ఆరంభించి విడిచిన జయధవళను జినసేనులు 837లో పూర్తిచేసిరి. ఆ ధవళ వ్యాఖ్యానము నిండ లెక్కలే. జీవరాశుల సంఖ్యను, లోకముల విస్తారమును, కర్మముల స్థితికాలమును అంకెలతో విచారించు పద్ధతి ఆ మునులకు ఉగ్గుపాలతో అబ్బినదా యనునట్లుండును.

అట్టి వాతావరణమున, సుమారు 850వ సంవత్సరమున, మహావీరాచార్యులు గణితసార సంగ్రహమను సంస్కృత గ్రంథమును రచించిరి. గ్రంథారంభమున జినేంద్రునకు నమస్కరించి, నృపతుంగుని స్యాద్వాద న్యాయమునకు ఆశ్రయమిచ్చిన ప్రభువుగా కొనియాడిరి. తమ కులగోత్రములను గూర్చి గాని, పుట్టిన ఊరును గూర్చి గాని ఒక్కమాటయైన వ్రాసికొనలేదు. పూర్వాచార్యుల గణితమను సముద్రమునుండి రత్నముల నేరినట్లు తాము కొంత సారము నేరితిమని మాత్రము చెప్పుకొనిరి. వారి జీవితమంతయు వారి గ్రంథమే. ఆ గ్రంథమును విప్పిచూచుటయే వారి చరిత్ర చదువుట.

జైనులకు లెక్కలేల?

సర్వసంగ పరిత్యాగులగు మునులకు పొలముల కొలతలతో పనియేమి యని కొందరు అడుగవచ్చును. దీనికి సమాధానము జైనాగమములలోనే కలదు. స్థానాంగసూత్రము గణితమునకు పది విషయములను చెప్పుచు, అందు రజ్జువును ఒకటిగా చేర్చినది. రజ్జువనగా త్రాడు. త్రాడుతో నేలను కొలుచు విద్యయే క్షేత్రగణితము. జంబూద్వీపము లక్ష యోజనముల వ్యాసము గలదనియు, దాని చుట్టుకొలత 3,16,227 యోజనములకు మించియుండుననియు, ఆ మిగిలిన భాగమును అంగుళములవరకు లెక్కించి ప్రాచీన జైన గ్రంథములు చెప్పుచున్నవి. వ్యాసమును పది యొక్క వర్గమూలముతో గుణించిన ఈ సంఖ్య వచ్చును. కంటికి కనరాని ద్వీపపు చుట్టుకొలతనే అంగుళములవరకు విచారించిన పరంపరకు ఇంటిముందరి పొలము కొలుచుట చిన్నపని కాదు, పరాయి పనియు కాదు.

శ్రావకుని వ్రతములను చూచినచో ఈ సంగతి ఇంకను తేటపడును. అచౌర్యవ్రతమునకు దోషములను చెప్పుచు ఉమాస్వామి తత్త్వార్థసూత్రమున తక్కువ కొలత, ఎక్కువ కొలతలను పేర్కొనిరి. అమ్మునపుడు చిన్న మానికయు, కొనునపుడు పెద్ద మానికయు వాడుట దొంగతనముతో సమానము. పరిగ్రహ పరిమాణ వ్రతమున శ్రావకుడు తనకింత ఆస్తి చాలునని హద్దు పెట్టుకొనును. ఆ ఆస్తుల పట్టికలో మొట్టమొదట వచ్చునవి పొలమును, ఇల్లును. హద్దు పెట్టుకొనవలెనన్న కొలత తెలియవలెను గదా! కొలత యెరుగనివాడు తన వ్రతమును దాటినట్లు తానే యెరుగడు. ఇట్లు చూచినచో క్షేత్రగణితము వ్రతపాలనమునకు తోడుబోతు.

మహావీరాచార్యులు తమ గ్రంథపు మొదటి అధ్యాయముననే కొలతల పట్టికను ఉంచిరి. పరమాణువుతో మొదలిడి, క్రమముగా అంగుళమువరకు వచ్చి, ఆ మీద 24 అంగుళములు ఒక హస్తమనియు, 4 హస్తములు ఒక దండమనియు, 2,000 దండములు ఒక క్రోశమనియు, 4 క్రోశములు ఒక యోజనమనియు వివరించిరి. లౌకికమునకు, వైద్యమునకు, సంగీతమునకు, వాస్తువునకు, వంటకు, ఛందస్సునకు సైతము గణితమే ఆధారమని పీఠికలో పొగడిరి. చరాచర లోకమున గణితము లేని వస్తువు లేదని వారి నమ్మకము.

చుట్టుకొలత వేరు, విస్తీర్ణము వేరు

గణితసార సంగ్రహమున తొమ్మిది అధ్యాయములును, పదునొకండు వందలకు పైబడిన శ్లోకములును కలవు. అందు ఏడవది క్షేత్రగణిత వ్యవహారము. ఆచార్యులవారి బుద్ధి విశేషము ఇచ్చట బాగుగా కనబడును. క్షేత్రములను వారు పదునారు రకములుగా విభజించిరి. త్రిభుజములు మూడు, చతుర్భుజములు ఐదు, వంకరగీతల రూపములు ఎనిమిది. చతుర్భుజములలో ఎదురెదురు భుజములు రెండేసి సమానముగా నుండు ఆయత చతురస్రము మనకు బడిలో దీర్ఘచతురస్రమను పేరుతో తెలిసినదే.

దీర్ఘచతురస్రపు చుట్టుకొలత కనుగొనుట పసిబిడ్డలకు సైతము సులభము. పొడవును వెడల్పును కూడి రెట్టించిన చాలును. పొడవు 40 దండములు, వెడల్పు 30 దండములు గల పొలమునకు రెండును కూడిన 70, రెట్టించిన 140 దండములు చుట్టుకొలత. విస్తీర్ణమునకు పొడవును వెడల్పుచేత గుణింపవలెను. 40ని 30చే గుణించిన 1,200. ఇది వ్యవహారమున ఎల్లరకు తెలిసిన సంగతియే. ఆచార్యులవారు ఇంతటితో ఆగలేదు. చుట్టుకొలతకును విస్తీర్ణమునకును గల సంబంధమెట్టిదని అడిగిరి. ఈ ప్రశ్నయే వారి గొప్పతనము.

వారు వేసిన లెక్కలలో ఒక జాతి యిది. రెండు దీర్ఘచతురస్రములు కలవు. రెండింటి చుట్టుకొలతలు సమానము; కాని యొకదాని విస్తీర్ణము రెండవదానికి రెట్టింపు. ఆ భుజము లెన్నెన్ని? మరియొక జాతి యిది. విస్తీర్ణములు సమానము, కాని యొకదాని చుట్టుకొలత రెండవదానికి రెట్టింపు. భుజములు చెప్పుము. ఈ ప్రశ్నలు పైకి వినోదములవలె కనబడును. లోతు చూచినచో ఒక కాపురమును నిలుపగల, కూల్చగల సత్యము వీటిలో దాగియున్నది.

ఒక తండ్రికి ఇద్దరు కుమారులు గలరనుకొందము. ఆయన ధర్మాత్ముడు. ఇద్దరకును సమానముగా పంచదలచి, 140 దండముల త్రాడు తెచ్చి, ఆ త్రాడు చుట్టివచ్చినంత నేల పెద్దవానికిని, అదే త్రాడు చుట్టివచ్చినంత నేల చిన్నవానికిని ఇచ్చెను. పెద్దవాని పొలము 40 దండముల పొడవు, 30 దండముల వెడల్పు. చిన్నవాని పొలము వాగు ప్రక్కన సాగిన పట్టీవంటిది. పొడవు 60, వెడల్పు 10. త్రాడు రెండుచోట్లను సరిపోయినది. తండ్రి తృప్తితో కన్నుమూసెను. పంట ఇంటికి వచ్చిననాడు చిన్నవాడు చూచుకొనగా అన్న గాదె నిండినది, తన గాదె సగమే నిండినది. ఏలయన 40ని 30చే గుణించిన 1,200. 60ని 10చే గుణించిన 600 మాత్రమే. ఇచ్చట ఎవ్వరును అబద్ధమాడలేదు. ఎవ్వరును దొంగిలింపలేదు. త్రాడు కూడ అబద్ధమాడలేదు. అయినను ఒక కుమారుని భాగమున సగము పోయినది. చుట్టుకొలతనే విస్తీర్ణమని భ్రమించుటవలన కలిగిన అన్యాయమిది.

దీనికి తలక్రిందులుగ ఉండు రెండవ సంగతిని గూడ చూడవలెను. 100 దండముల పొడవు, 60 దండముల వెడల్పు గల నేల విస్తీర్ణము 6,000. 300 దండముల పొడవు, 20 దండముల వెడల్పు గల నేల విస్తీర్ణమును 6,000. పంట సమానము. కాని మొదటిదానికి కంచె వేయుటకు 320 దండములు చాలును. రెండవదానికి 640 దండములు కావలెను. నేల సమానమని సంతసించి రెండవదానిని పుచ్చుకొన్నవాడు ముళ్లకంచెకు, కావలికి, గట్టుకు రెట్టింపు ఖర్చుపెట్టును. కనుక త్రాడు ఒక్కటే చూచినవాడు మోసపోవును. నేల ఒక్కటే చూచినవాడును మోసపోవును. రెండును కొలిచినవాడే వస్తువును ఉన్నదున్నట్లు చూచినవాడు. ఒక్క వైపునుండి చూచి ఇదియే సత్యమని పట్టుబట్టరాదని బోధించు స్యాద్వాదము పొలము గట్టుమీద గూడ పనికివచ్చునని దీనివలన తెలియును.

సమానమగు సంఖ్యలు

విస్తీర్ణపు సంఖ్యయు, చుట్టుకొలత సంఖ్యయు ఒక్కటే కావలెనన్న ఆ క్షేత్రపు భుజములెన్ని యని ఆచార్యులవారు అడిగినది మరియొక చమత్కారమగు ప్రశ్న. దీనికి మార్గము సులభము. ముందుగా మనకు తోచిన క్షేత్రమును తీసికొనవలెను. పొడవు 2, వెడల్పు 1 అనుకొందము. చుట్టుకొలత 6, విస్తీర్ణము 2. ఆరును రెండుచే భాగించిన 3 వచ్చును. ఆ మూడుతో రెండు భుజములను గుణింపగా పొడవు 6, వెడల్పు 3 అగును. ఇప్పుడు చుట్టుకొలత 18, విస్తీర్ణమును 18. సమచతురస్రమున నైనచో భుజము 4. చుట్టుకొలత 16, విస్తీర్ణమును 16. భిన్నములు లేక పూర్ణసంఖ్యలతోనే కావలెనన్నచో ఈ రెండు రూపములు తప్ప వేరు లేవు.

ఈ సమానత్వము సంఖ్యలకే గాని వస్తువులకు కాదని గ్రహింపవలెను. భుజము 4 దండములు గల సమచతురస్రమును హస్తములలో కొలిచినచో భుజము 16 హస్తములు. అప్పుడు చుట్టుకొలత 64, విస్తీర్ణము 256. నేల మారలేదు, త్రాడు మారలేదు; కొలకర్ర మారగానే సమానత్వము మాయమయ్యెను. పొడవు ఒక జాతి, విస్తీర్ణము వేరొక జాతి. వాని సంఖ్యలు ఒకప్పుడు కలిసినంతమాత్రమున ఆ జాతులు ఒకటి కానేరవు. ఇది తెలిసిన బాలుడు పెద్దవాడై వ్యాపారమునందు అడుగిడినపుడు అంకె యొకటియే చూడక, అది దేని అంకె యని అడుగుట నేర్చుకొనును.

హద్దునుబట్టి పొలమును తెలియుట

పొడవు వెడల్పులు తెలిసినచో చుట్టుకొలత వచ్చును. చుట్టుకొలతయు విస్తీర్ణమును మాత్రమే తెలిసి, పొడవు వెడల్పులు తెలియనిచో ఏమి చేయవలెను? దీనికిని ఆచార్యులవారు సూత్రము చెప్పిరి. చుట్టుకొలత 170, విస్తీర్ణము 1,500 గల దీర్ఘచతురస్రమును చూతము. చుట్టుకొలతలో సగము 85. దాని వర్గము 7,225. విస్తీర్ణమునకు నాలుగు రెట్లు 6,000. తీసివేసిన 1,225. దాని వర్గమూలము 35. ఈ 35ను 85కు కూడి సగము చేయగా 60 పొడవు. 85లోనుండి తీసివేసి సగము చేయగా 25 వెడల్పు. 60ని 25చే గుణించిన 1,500. రెండును కూడి రెట్టించిన 170. లెక్క సరిపోయినది. ఇట్లు కూడి సగము, తీసి సగము చేయు పద్ధతికి సంక్రమణమని పేరు.

ఇందలి రహస్యము కష్టమైనది కాదు. 85 అనునది పొడవు వెడల్పుల మొత్తము. 85 భుజముగల సమచతురస్రమును గీచి, దాని నాలుగు మూలలందును మన దీర్ఘచతురస్రమును ఒక్కొక్కటి పేర్చినచో నడుమ ఒక చిన్న సమచతురస్రము ఖాళీగా మిగులును. ఆ ఖాళీ భుజమే పొడవునకును వెడల్పునకును గల భేదము, అనగా 35. మొత్తము తెలిసినది, భేదము తెలిసినది; ఇక రెండు సంఖ్యలును దొరికినట్లే. ముగ్గు వేయు ఆడపిల్ల నేలమీద గీచి చూపగల సంగతియిది.

చుట్టుకొలతయు కర్ణమును తెలిసినను భుజములను తీయవచ్చును. చుట్టుకొలత 34, కర్ణము 13 అయినచో సగము చుట్టుకొలత 17. కర్ణవర్గమునకు రెట్టింపు 338, 17 యొక్క వర్గము 289, భేదము 49, మూలము 7. పదునేడును ఏడును కూడి సగము 12. పదునేడులో ఏడు తీసి సగము 5. పొలమునకు ఒక మూలనుండి ఎదురు మూలకు త్రాడు లాగినవాడు ఈ కర్ణమును కొలువగలడు. గట్లు చెరిగి, సరిహద్దురాళ్లు కదలి, పాత దస్తావేజులో మొత్తపు కొలతలు మాత్రమే మిగిలినచోట ఇట్టి సూత్రముల విలువ ఎంతటిదో భూమి గలవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆచార్యులవారి పొరపాట్లు

మహనీయుల జీవితము వ్రాయునపుడు దోషములను దాచుట సత్యవ్రతమునకు తగదు. సున్నతో భాగించిన సంఖ్య మారక యట్లే నిలుచునని ఆచార్యులవారు చెప్పిరి. అది సరికాదు. వృత్తపు చుట్టుకొలతకు స్థూలముగా వ్యాసమునకు మూడు రెట్లనియు, సూక్ష్మముగా పది యొక్క వర్గమూలము రెట్లనియు చెప్పిరి. రెండవది సత్యమునకు దగ్గరిదే గాని సంపూర్ణము కాదు.

కోడిగ్రుడ్డువలె కోలగా నుండు ఆయతవృత్తమును గూర్చి వారు చెప్పినది మరింత ఆలోచింపదగినది. దాని చుట్టుకొలతకు వారిచ్చిన సూత్రము మెచ్చదగినంత దగ్గరగా వచ్చును. భారతదేశమున ఈ రూపమును గూర్చి విచారించిన గణితజ్ఞులు బహు అరుదు. కాని ఆ చుట్టుకొలతను వెడల్పులో నాలుగవ వంతుచే గుణించి, విస్తీర్ణము వచ్చినదనిరి. వృత్తమునకు ఆ సూత్రము సరియే. కోలరూపమునకు అది పనిచేయదు. దీర్ఘచతురస్రమున త్రాడునుబట్టి నేలను నిర్ణయింపరాదని చూపిన ఆచార్యులవారే కోలరూపమున త్రాడును నమ్మి నేలను నిర్ణయించి పొరబడిరి. ఇది వారి కీర్తికి కళంకము కాదు. చుట్టుకొలతను చూచి విస్తీర్ణమును ఊహించు అలవాటు ఎంత బలమైనదో, ఎంతటి బుద్ధిమంతుని నైనను ఎట్లు కమ్ముకొనునో దీనివలన తెలిసికొనవలెను.

వారి ఇతర కృషిని గూర్చి చెప్పవలెనన్న వేరు వ్యాసము కావలెను. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని స్పష్టముగ చెప్పిరి. ఆరు రుచులను ఎన్ని విధముల కలుపవచ్చునో లెక్కించు సూత్రమిచ్చిరి. ఒక్కొక్కటిగను, రెండేసిగను, తక్కినట్లును కలుపగా మొత్తము 63 విధములు. సంఖ్యాస్థానములకు ఒకటి మొదలు మహాక్షోభమువరకు 24 పేర్లు చెప్పిరి. ఎడమనుండి చదివినను కుడినుండి చదివినను ఒక్కటిగనే యుండు సంఖ్యలను హారములవలె కూర్చిరి. 139ని 109చే గుణించిన 15,151 వచ్చుట వారి కంఠాభరణములలో నొకటి. లెక్కలు చేదుమందు కావనియు, బుద్ధికి నగలవంటివనియు వారు చూపిరి.

గ్రంథము చేసిన ప్రయాణము

మాన్యఖేటమున పుట్టిన గ్రంథము రాష్ట్రకూట రాజ్యముతో అంతరింపలేదు. 11వ శతాబ్దపు ప్రాంతమున పావులూరి మల్లన ఈ గణితసార సంగ్రహమును తెనుగు పద్యములలోనికి తెచ్చెను. తెనుగున వెలసిన శాస్త్రగ్రంథములలో అది తొలితరమునకు చెందినది, గణితమున మొదటిది. మల్లన శివభక్తుడు. మూలమున జినుని ప్రస్తావన గల పట్టుల శివుని ప్రస్తావనను చేర్చుకొనెను. దేవతల పేర్లు మారినను లెక్క మారలేదు. దీర్ఘచతురస్రము జైనునకును శైవునకును ఒక్క కొలతయే యిచ్చును. తెలుగుబిడ్డ తన భాషలో మొట్టమొదట చదివిన గణితము ఒక జైనాచార్యుని గణితమని తెలుగు జైనులు మరువరాదు. ఆ సంపదను కాపాడి అందించినవాడు శైవకవి యనుటయు మరువరాదు.

తరువాత చాలకాలము మూలగ్రంథము తాటియాకులలో నిద్రించినది. దక్షిణ కన్నడమునందలి మూడబిదిరెవంటి జైన క్షేత్రములలో భక్తులు ఆ ఆకులను పురుగు పట్టకుండ కాపాడిరి. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యులగు ఎం. రంగాచార్యులు ప్రతులను సేకరించి, సరిచూచి, ఆంగ్లానువాదముతో సిద్ధపరుపగా మదరాసు ప్రభుత్వము 1912లో అచ్చువేసెను. అమెరికా దేశమున కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యులగు డేవిడ్ యూజీన్ స్మిత్ దానికి పీఠిక వ్రాసిరి. ఆయన 1908లోనే రోము నగరమున జరిగిన అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభలో ఈ గ్రంథమును గూర్చి ప్రసంగించియుండిరి. 1963లో షోలాపురమునుండి హిందీ అనువాదముతోను, 2000లో హొంబుజమునుండి కన్నడ అనువాదముతోను ఈ గ్రంథము మరల వెలువడినది. కర్ణాటకమున పుట్టి, తెనుగున పెరిగి, మదరాసున అచ్చై, మహారాష్ట్రమున మరల వెలుగు చూచిన ఈ గ్రంథము నడచిన దారి పొడవునను నేడు తెలుగు కుటుంబములు కాపురములు చేయుచున్నవి.

నేటి బడిలో బాలుడు దీర్ఘచతురస్రపు చుట్టుకొలతను ఒక నిమిషములో కట్టి, పలక తుడిచి, మరచిపోవుచున్నాడు. పెద్దలు ఆ పలకను ఒక్క నిమిషము ఆపి, అదే చుట్టుకొలతతో మరియొక దీర్ఘచతురస్రమును గీయుమని అడిగినచో, దానిలో ఎంత నేల పట్టునో చూడుమని చెప్పినచో, మహావీరాచార్యులవారి విద్య ఆ యింట మరల మొలకెత్తినట్లే. పర్యూషణ దినములలో పరిగ్రహ పరిమాణమును తలచుకొను గృహస్థునకును ఈ లెక్క పనికివచ్చును. తన ఆస్తి చుట్టును గీచుకొన్న గీత ఎంత పొడవో అతడు చూచుకొనుట చాలదు. ఆ గీతలోపల ఎంత నేల ఇమిడియున్నదో గూడ కొలిచి చూచుకొనవలెను. ఆ రెండు కొలతలును తెలిసినవాడు తనను తాను మోసగించుకొనడు, పరుల భాగమును తెలియక తీసికొనడు. శ్రీ మహావీరాచార్యులు లోకమునకు విడిచిపోయిన ఆస్తి యిదియే. దీనిని ఎంతమందికి పంచినను ఎవ్వరి భాగమును తరుగదు.